తప్పటడుగుల డిటెక్టివ్

డిటెక్టివ్ అంటే ఎలా ఉండాలి? చూపు చురుగ్గా ఉండాలి. శవం పక్కన పడున్న సిగరెట్ పీకను చూసి హంతకుడి ఎత్తూ బరువూ చెప్పెయ్యాలి. ఆఖరి అధ్యాయంలో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, హంతకుడు మీలోనే ఉన్నాడంటూ బాంబు పేల్చాలి. అన్నిటికన్నా ముఖ్యం... పొరపాటు పడకూడదు! కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌ని చదువుతూ పెరిగినా, షెర్లాక్ హోమ్స్‌ని చదువుతూ పెరిగినా పాఠకుడి మనసులో పడిపోయిన ముద్ర ఇదే.

ఆ ముద్రతోనే వెళ్లి బ్రిటిష్ టీవీ సీరియల్ 'ఇన్‌స్పెక్టర్ మోర్స్' ముందు కూర్చున్న ప్రేక్షకుడికి మొదటి గంటలోనే చిరాకు మొదలవుతుంది. ఈ మోర్స్ అనే పెద్దమనిషికి శవాన్ని చూస్తే కడుపులో తిప్పుతుంది. ఎత్తయిన చోటుకు వెళ్లాలంటే భయం. బీరు గొంతులో పడితే తప్ప బుర్ర పనిచెయ్యదంటాడు. ఆ బీరు డబ్బులు కూడా కింద పనిచేసే సార్జెంటే ఇచ్చుకోవాలి. పోనీ, ఇన్ని వేషాలు వేసినా హంతకుణ్ని టక్కున పట్టేస్తాడా అంటే అదీ లేదు. ముందు ఒకణ్ని అనుమానిస్తాడు. వాడు కాదని తేలాక ఇంకొకణ్ని పట్టుకుంటాడు. వాడూ కాడు. ఈలోగా ఇంకో శవం లేస్తుంది!

అయినా ప్రేక్షకుడు టీవీ కట్టెయ్యడు. రెండో ఎపిసోడ్ చూస్తాడు. మూడోదీ చూస్తాడు. 1987 నుంచి 2000 దాకా 33 ఎపిసోడ్లు వచ్చిన ఈ సీరియల్‌ని పూర్తిగా చూసినవాళ్లు మళ్లీ మొదట్నుంచీ చూస్తుంటారు. హంతకుడెవరో తెలిశాక కూడా డిటెక్టివ్ కథను మళ్లీ చూడటమేమిటి? అసలు కిటుకంతా అక్కడే ఉంది.

లాటిన్ మాస్టారి నవల

మోర్స్‌ని పుట్టించిన రచయిత పేరు కాలిన్ డెక్స్‌టర్. పోలీసు ఉద్యోగానికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. బళ్లో పిల్లలకు లాటిన్, గ్రీకు పాఠాలు చెప్పుకునే మాస్టారాయన. క్రమంగా చెవులు వినపడటం మానేశాయి. పిల్లలు ఏమడుగుతున్నారో వినపడకపోతే పాఠం చెప్పేదెలా? 1966లో బడి వదిలేసి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో ఉద్యోగానికి చేరారు. 1970ల మొదట్లో కుటుంబంతో కలిసి సెలవులకు వేల్స్ వెళ్తే అక్కడ వాన వదలకుండా పట్టుకుంది. బయటికి వెళ్లే దారి లేదు. బసలో దొరికిన ఓ డిటెక్టివ్ నవల చదివి, ఇంతకన్నా బాగా తానే రాయగలననిపించి కాగితం, కలం ముందేసుకున్నారు. అలా మొదలైందే 1975లో వచ్చిన 'లాస్ట్ బస్ టు వుడ్‌స్టాక్'. అక్కణ్నుంచి 1999 దాకా మోర్స్ నవలలు మొత్తం 13 రాశారు.

డెక్స్‌టర్‌కు గళ్లనుడికట్టు అంటే ప్రాణం. ఇంగ్లిషు పత్రికల్లో వచ్చే కఠినమైన గళ్లనుడికట్టుల పోటీల్లో ఆరితేరినవాడు. తన పాత్రల పేర్లు కూడా అక్కణ్నుంచే తెచ్చుకున్నారు. ఆ రంగంలో పేరు మోసిన సర్ జెరెమీ మోర్స్ అనే బ్యాంకు ఛైర్మన్ పేరు ఇన్‌స్పెక్టర్‌కు పెట్టారు. 'మిసెస్ బి. లూయిస్' అన్న కలం పేరుతో పోటీల్లో పాల్గొన్న ఓ మహిళ ఉంటే, ఆ పేరు తీసుకెళ్లి సార్జెంట్‌కు తగిలించారు. మోర్స్ బుర్ర ఎందుకలా పనిచేస్తుందో తెలియాలంటే ఈ గళ్లనుడికట్టు సంగతిని గుర్తుపెట్టుకోవాలి.

మొదటి ఎపిసోడ్ 'ది డెడ్ ఆఫ్ జెరికో' 1987 జనవరి 6న ఐటీవీలో వచ్చింది. ఒక్కో ఎపిసోడూ ఒక సినిమా అంత ఉంటుంది. అప్పట్లో అంత నింపాదిగా కథ చెప్పడం సాహసమే. తొలి ఎపిసోడ్‌కు స్క్రిప్టు రాసిన ఆంథొనీ మింఘెల్లా తర్వాతి రోజుల్లో 'ది ఇంగ్లిష్ పేషంట్'కు దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నాడు. రెండు ఎపిసోడ్లకు దర్శకత్వం వహించిన డానీ బోయెల్ మనవాళ్లకు మరీ తెలిసినవాడు... 'స్లమ్‌డాగ్ మిలియనీర్' తీసింది ఆయనే.

'పుస్తకంలో ఇలా లేదే!'

నవలను తెరకెక్కిస్తే ప్రతి ఇంట్లోనూ వినపడే మాట ఒకటుంటుంది. పుస్తకం చదివినవాళ్లు టీవీ ముందు కూర్చుని ప్రతి పది నిమిషాలకూ 'పుస్తకంలో ఇలా లేదే!' అంటుంటారు. చదవనివాళ్లు 'కాసేపు మాట్లాడకుండా చూడు' అని కసురుతుంటారు. మోర్స్ విషయంలో చదివినవాళ్లకు ఆ మాట అనే అవకాశాలు బోలెడు.

నవలల్లో సార్జెంట్ లూయిస్ వేల్స్ మనిషి. వయసులో మోర్స్ కన్నా కాస్త పెద్దవాడు కూడా. తెర మీదికొచ్చేసరికి న్యూకాసిల్ యాస మాట్లాడే కుర్రాడయ్యాడు. భార్యాపిల్లలతో చల్లగా సంసారం చేసుకునే ఆ కుర్రాడి పాత్రను కెవిన్ వేట్లీ పోషించాడు. నవలల్లో మోర్స్ నడిపే కారు లాన్సియా. తెర మీద అది ముదురు ఎరుపు రంగు పాత జాగ్వార్‌గా మారింది. నవలల్లో మోర్స్‌కు ఆడవాళ్ల విషయంలో చూపు కాస్త మోటు. చదువుతుంటే ఇవాళ్టి పాఠకులకు కొన్ని పేజీలు ఇబ్బందిగానే ఉంటాయి. తెర మీద జాన్ థా చేసిన మోర్స్‌లో ఆ మోటుతనం తగ్గి, దాని చోటులో ఒంటరితనం వచ్చి చేరింది. ఇంట్లో ఒక్కడే కూర్చుని వాగ్నర్ సంగీతం వింటాడు. ఎవరైనా ఒకామె కాస్త దగ్గరవుతోంది అనుకునేసరికి ఆమెకూ కేసుకూ ఏదో ముడి ఉందని తేలుతుంది.

ఇన్ని మార్పులు చేస్తే ఏ రచయితకైనా ఒళ్లు మండాలి. డెక్స్‌టర్ మాత్రం అటు తిరిగి ఇటు తన నవలల్నే మార్చుకున్నారు! తర్వాత రాసిన నవలల్లో లూయిస్ వయసు తగ్గిపోయింది. పాత నవలల కొత్త ముద్రణల్లో లాన్సియా తీసేసి జాగ్వార్ పెట్టారు. అంటే పుస్తకంలోంచి టీవీ పుట్టి, ఆ టీవీ తిరిగొచ్చి పుస్తకాన్ని దిద్దిందన్నమాట. పైగా దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ డెక్స్‌టర్ ఏదో ఒక మూల క్షణకాలం కనిపిస్తారు. హంతకుణ్ని వెతకడం కన్నా ఆయన్ని వెతకడమే సరదాగా ఉందనే ప్రేక్షకులూ ఉన్నారు.

పుస్తకంలో లేనిది తెర ఇచ్చిందా అంటే ఇచ్చింది. సంగీతమే అందుకు సాక్ష్యం. సంగీత దర్శకుడు బారింగ్టన్ ఫెలాంగ్ సీరియల్ ముఖగీతం లయలోనే, టెలిగ్రాఫ్ కట్‌కట్ సంకేతాల్లో 'మోర్స్' అన్న పేరును కూర్చారు. అక్కడితో ఆగలేదు. కొన్ని ఎపిసోడ్లలో నేపథ్య సంగీతంలో హంతకుడి పేరునే సంకేతంగా దాచేవారు. అది పసిగట్టేవాళ్లను ఏడిపించడానికి అప్పుడప్పుడూ కావాలనే తప్పుడు పేరూ పెట్టేవారు!

రబ్బరుతో చెరిగేది, చెరగనిది

ఇక అసలు సంగతి. మోర్స్ ఎందుకన్నిసార్లు తప్పులో కాలేస్తాడు?

తెలివి తక్కువై కాదు, ఎక్కువై. ఇంగ్లిషు గళ్లనుడికట్టులో ఆధారం పైకి ఒకటి చెబుతుంది, లోపల ఇంకొకటి దాస్తుంది. పూరించేవాడు ఒక జవాబు ఊహించి పెన్సిల్‌తో రాసుకుంటాడు. అడ్డంగా వచ్చే అక్షరాలతో నిలువు పదం పొసగకపోతే రబ్బరు తీసుకుని చెరిపేస్తాడు. మోర్స్ హత్య కేసునీ అలాగే చూస్తాడు. కళ్లముందున్న నాలుగు ముక్కల్ని కలిపి అద్భుతమైన కథ అల్లేస్తాడు. ఆ కథ ఎంత అందంగా ఉంటుందంటే, ఆయనే దాంతో ప్రేమలో పడిపోతాడు.

తొలి ఎపిసోడ్‌లో ఏం జరిగిందో చూడండి. ఆయనకు చేరువవుతున్న ఓ మహిళ ఉరికి వేలాడుతూ కనిపిస్తుంది. చదువుకున్న చదువంతా రంగరించి, ఈడిపస్ రాజు గురించిన గ్రీకు నాటకాన్ని ఈ చావుకు ముడిపెట్టి ఓ సిద్ధాంతం చెబుతాడు మోర్స్. వింటుంటే ప్రేక్షకుడికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ తర్వాత ఒక చిన్న మామూలు నిజం వచ్చి ఆ మేడను కూల్చేస్తుంది. 'లాస్ట్ సీన్ వేరింగ్' అనే నవలలో బడికెళ్లే వయసున్న ఓ అమ్మాయి కనపడకుండా పోతుంది. ఆ పిల్ల చనిపోయిందని మోర్స్ ముందే తీర్మానించేసుకుంటాడు. ఆ నమ్మకం మీద ఒకదాని తర్వాత ఒకటిగా లేచిన సిద్ధాంతాలన్నీ ఒక్కొక్కటే నేలకూలతాయి.

మొదట్లో ప్రేక్షకుడు దీన్ని వినోదంగానే చూస్తాడు. 'అదిగో, మళ్లీ బోల్తా పడ్డాడు' అని నవ్వుకుంటాడు. కానీ నాలుగైదు ఎపిసోడ్లు దాటాక ఆ నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే గళ్లలో రాసిన తప్పుడు అక్షరం రబ్బరుతో చెరిగిపోతుంది గానీ, మనిషి మీద పడ్డ అనుమానం అలా చెరగదు. పోలీసులు వచ్చి ఓ ఇంటి తలుపు తట్టారంటే చాలు, ఆ ఇంట్లో ఏళ్ల తరబడి దాచుకున్న రహస్యాలన్నీ వీధిన పడతాయి. భర్తకు తెలియని భార్య గతం, తండ్రికి తెలియని కొడుకు అప్పు, పక్కింటివాళ్లకు తెలియని జబ్బు... హత్యకూ వీటికీ ఏ సంబంధమూ లేదని చివర్లో తేలుతుంది. అప్పటికే ఆ ఇల్లు ముక్కలై ఉంటుంది. మోర్స్ వేరే ఇంటి తలుపు తట్టడానికి వెళ్లిపోతాడు. కెమెరా మాత్రం ఒక్క క్షణం ఆ మొదటి ఇంటి దగ్గరే ఆగుతుంది.

ఏ దేశంలోనైనా నేరవార్త చదివే అలవాటున్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అనుమానితుడు అన్న మాట పేపర్లో పడగానే చదివేవాళ్ల నోళ్లలో వాడు నేరస్థుడైపోతాడు. నెల తర్వాత నిర్దోషి అని తేలితే ఆ వార్త లోపలి పేజీలో, చిన్నగా ఎక్కడో ఉంటుంది. దాన్ని ఎవరు చూస్తారు? డిటెక్టివ్ ఎప్పుడూ తప్పు చెయ్యని కథలు చదివితే ఈ బాధ పాఠకుడికి తెలియదు. అక్కడ వేలు చూపించారంటే వాడే హంతకుడు. వేలు తప్పు మనిషి వైపు తిరిగితే ఆ మనిషి గతేమిటన్న ప్రశ్నే రాదు. మోర్స్ కథల్లో ఆ ప్రశ్న వస్తుంది.

1990లో వచ్చిన 'మేసనిక్ మిస్టరీస్' ఎపిసోడ్‌లోనైతే తిరగలి తిరిగి మోర్స్ మీదికే వస్తుంది. ఓ హత్యకేసులో సాక్షాత్తూ ఆయనే అనుమానితుడు! ఎవరో పన్నిన ఉచ్చు అది. ప్రతి ఆధారమూ ఆయన వైపే చూపిస్తుంది. అనుమానం అంటే ఏమిటో, దాన్ని భరించడం ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడు తెలిసొస్తుంది. దర్శకుడు డానీ బోయెల్. ఈ ఎపిసోడ్ చూశాక ప్రేక్షకుడికి మోర్స్ మీద జాలీ కలుగుతుంది. 'బాగా అయింది' అని కూడా అనిపిస్తుంది. రెండూ నిజమే.

మరి ఇన్ని తప్పులు చేసేవాణ్ని ఎందుకు ఇష్టపడాలి? తన మేడ కూలిందని తెలిసిన క్షణంలో మోర్స్ ఇంకో ఇటుక పేర్చి దాన్ని నిలబెట్టాలని చూడడు. ముఖం పాలిపోతుంది. విసుక్కుంటాడు. లూయిస్ మీద అరుస్తాడు. కానీ తన పరువు కాపాడుకోవడానికి ఓ అమాయకుణ్ని జైల్లో ఉంచడు. కారెక్కి మళ్లీ మొదటికే వస్తాడు. నేరం తేల్చేవాడికి ఉండాల్సిన గుణాల్లో తెలివి రెండోదనీ, తన తప్పును తాను చూడగలగడమే మొదటిదనీ ఒక్క డైలాగు కూడా లేకుండా చెప్పిన సీరియల్ ఇది.

లూయిస్ ఖాతా

ఆ తప్పుల్ని చూపించేది చాలాసార్లు లూయిసే. ఆయనకున్నంత చదువు అతనికి లేదు. గ్రీకు నాటకాలు తెలియవు. సంగీతంలో ఎవరి పాటేదో చెప్పలేడు. లూయిస్ రాసిన రిపోర్టుల్లో అక్షరదోషాలు దిద్దడం మోర్స్‌కు వినోదం. 'కాదు సార్, ఆ టైముకి ఆవిడ అక్కడ లేదు' అని లూయిస్ నెమ్మదిగా అంటాడు. ఆ ఒక్క ముక్కతో మోర్స్ అల్లిన కథంతా చిటుక్కున తెగిపోతుంది.

ప్రేక్షకుల్లో ఎక్కువమంది కోపమంతా ఇక్కడే. ఇంత మంచివాణ్ని ఇన్ని మాటలంటాడా? పబ్బులో బిల్లు కూడా వాడితోనే కట్టిస్తాడా? ఆఫీసులో ఇలాంటి పైఅధికారి కింద పనిచేసినవాళ్లకైతే మరీ మంట. కానీ లూయిస్ ఎందుకు వదిలి వెళ్లడో కూడా వాళ్లకే బాగా తెలుసు. విసుక్కున్నా, తిట్టినా, ఆయన పక్కన ఉంటే పని నేర్చుకోవచ్చు. పైగా ఇల్లూ, పిల్లలూ, ఆదివారం భోజనమూ ఉన్న తనకన్నా, ఏమీ లేని ఆ పెద్దమనిషే పేదవాడని లూయిస్‌కు తెలుసు.

1992లో వచ్చిన 'డెడ్ ఆన్ టైమ్' ఎపిసోడ్ దీనికి పరాకాష్ఠ. ఇది డెక్స్‌టర్ నవల కాదు, టీవీ కోసమే అల్లిన కథ. చదువుకునే రోజుల్లో మోర్స్ పెళ్లాడాలనుకుని దూరమైన సూసన్ ఇన్నేళ్ల తర్వాత ఓ కేసులో ఎదురవుతుంది. ఆయన మొహంలో ఎప్పుడూ లేని వెలుగు వస్తుంది. ఆ వెలుగు ఎంతోకాలం నిలవదు. చివర్లో, జరిగిన కుట్రలో సూసన్‌కూ భాగం ఉందని చెప్పే టేపు లూయిస్ చేతికి చిక్కుతుంది. అతను దాన్ని మోర్స్ దాకా చేరనివ్వడు.

నిజాయతీకి మారుపేరైన లూయిస్ సాక్ష్యాన్ని మాయం చేశాడు! పోలీసుగా అది తప్పు. అందులో రెండో మాట లేదు. నిజం కోసం జీవితాన్నే ధారపోసిన మనిషికి, ఆయన్ని అందరికన్నా ఎక్కువ గౌరవించేవాడే నిజాన్ని దాచిపెట్టాడు. చేసింది మంచా, చెడా అని సీరియల్ తీర్పు చెప్పదు. ఆ పని టీవీ ముందున్న ఇంటిల్లిపాదికీ వదిలేస్తుంది. ఒకే సోఫాలో కూర్చున్న ఇద్దరు దీని గురించి అరగంట వాదించుకోవచ్చు. చూసేవాళ్ల చేత తీర్పు చెప్పించగలగడం కన్నా క్రైమ్ సీరియల్ చెయ్యగలిగింది ఏముంటుంది?

థ్యాంక్స్ చెప్పని మనిషి

ఆఖరి ఎపిసోడ్ 'ది రిమోర్స్‌ఫుల్ డే' 2000 నవంబర్ 15న ప్రసారమైంది. ఆఖరి నవల పేరూ అదే. ఆ పేరు హౌస్‌మన్ అనే కవి రాసిన పద్యంలోంచి వచ్చింది. గళ్లనుడికట్టు మాస్టారు కదా... పశ్చాత్తాపం అనే అర్థమిచ్చే ఆ ఇంగ్లిషు మాట మధ్యలో 'మోర్స్' దాక్కుని ఉన్నాడు చూడండి! తనకున్న చక్కెర జబ్బును కూడా డెక్స్‌టర్ తన పాత్రకు ఇచ్చేశారు. తాగొద్దన్నా వినని మోర్స్ ఆరోగ్యం దెబ్బతింటుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీ పచ్చిక మీద కుప్పకూలతాడు.

ఆయన పోయేటప్పుడు లూయిస్ పక్కన లేడు. కేసు ముగించే పనిలో ఉన్నాడు. లూయిస్‌కు నా థ్యాంక్స్ చెప్పమని మోర్స్ పైఅధికారితో అంటాడు. పదమూడేళ్లుగా ఎదురుగా ఉన్నప్పుడు సరిగ్గా చెప్పని మాటను ఆఖరికి ఇంకొకరి చేత చెప్పించుకోవలసి వచ్చింది! శవాగారంలో లూయిస్ ఒంగి ఆయన నుదుటి మీద ముద్దు పెట్టుకుంటాడు. బీరు బాకీలన్నీ అక్కడ చెల్లిపోయినట్టే. అంతకాలం మోర్స్‌ని తిట్టుకుంటూ చూసినవాళ్లు కూడా ఆ క్షణాన కళ్లు తుడుచుకోకుండా ఉండలేరు.

ఆ కన్నీళ్లు ఆరకముందే, 2002 ఫిబ్రవరి 21న జాన్ థా నిజంగానే వెళ్లిపోయారు. వయసు 60 ఏళ్లే. లూయిస్ ఇన్‌స్పెక్టరై 2006 నుంచి 2015 దాకా సొంత సీరియల్ 'లూయిస్' నడిపాడు. ఈసారి చదువరి అయిన కుర్ర సార్జెంట్ అతని కింద! 2012లో మొదలై 2023లో ముగిసిన 'ఎండీవర్' కుర్ర మోర్స్ కథ. క్వేకర్ మతస్థురాలైన తల్లి, కెప్టెన్ కుక్ అంటే పడిచచ్చే తండ్రి కలిసి కుక్ ఓడ పేరు పెట్టిన ఆ కుర్రాడి అసలు పేరే 'ఎండీవర్'. 1996 నవల దాకా ఆ పేరును డెక్స్‌టర్ ఎవరికీ చెప్పలేదు. ఎండీవర్‌లో పత్రికా సంపాదకురాలి పాత్ర వేసిన అబిగైల్ థా ఎవరో కాదు, జాన్ థా కూతురే. డెక్స్‌టర్ 2017 మార్చి 21న కన్నుమూశారు.

షాన్ ఎవాన్స్ పోషించిన ఆ కుర్ర మోర్స్‌ని చూస్తున్నప్పుడు పాత ప్రేక్షకుడికి మనసు చివుక్కుమంటుంది. ఈ పిల్లాడు ఎవరిని ప్రేమించినా దక్కదని వాడికన్నా ముందే తెలుసు. ఎవరూ లేకుండా పచ్చిక మీద పడిపోతాడని తెలుసు. హంతకుడెవరో తెలిసిన కథను మళ్లీ చూడటమేమిటని మొదట అడిగినవాళ్లకు జవాబు ఇదే. మళ్లీ చూసేవాళ్లు హంతకుడి కోసం చూడరు. మోర్స్ తన లెక్క తప్పిందని గ్రహించి, కారు వెనక్కి తిప్పే ఆ నిమిషం కోసం చూస్తారు. పక్కసీట్లో లూయిస్ ఏమీ అనకుండా కూర్చుంటాడు. 'నేను ముందే చెప్పాను కదా సార్' అనగలిగి కూడా అనడు.